మడత కూడా కానుకే

పుట్టినరోజు అలంకరణ ఇప్పుడు ఒకే ప్యాకెట్టులో దొరుకుతున్నది. రేకు అక్షరాలు, బుడగలు, మెరుపు తోరణాలు, అన్నీ అందులోనే. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కనుక, కాగితానికి మళ్ళీ చోటు దొరికింది. సంతోషమే. అయితే ఆ కాగితం కూడా ముందే కత్తిరించి, అతికించి, విప్పి తగిలించడమే తరువాయిగా అంగట్లోంచి వస్తున్నది. నా అభ్యంతరమల్లా అక్కడే. కాగితపు బొమ్మను కానుకగా ఇచ్చేటప్పుడు మనం నిజంగా ఇచ్చేది దానిని మడవడానికి వెచ్చించిన సమయం. దానిని కూడా కొనుక్కుంటే ఇక ఇచ్చేందుకు మనదంటూ మిగిలేదేమిటి?

"అవన్నీ జపాను వారి విద్యలు, మనకెక్కడివి?" అనేవారున్నారు. ఓరిగామి అన్న పేరు జపానుదే. ఆ కళకు ప్రపంచంలో గౌరవం తెచ్చిన అకీరా యోషిజావా (1911–2005) అక్కడివాడే. కానీ కిరాణా కొట్లో పాత పత్రిక ముక్కను క్షణంలో శంఖువుగా చుట్టి, శనగపప్పు పోసి, పై అంచు లోపలికి మడిచి, పురికొస బిగించి ఇచ్చిన చేతులు చేసినదేమిటి? చదునైన కాగితానికి లోతు కల్పించడమే కదా! వానకాలపు కత్తి పడవ, బడి తెరవగానే పుస్తకాలకు వేసే అట్టలు, పెళ్ళి పందిట్లో రంగు కాగితాల తోరణాలు, అన్నీ ఆ కుదురువే. పొట్లం కట్టడాన్ని మనం కళగా లెక్కించలేదు, అంతే.

ఇంతకంటే గట్టి సాక్ష్యం కూడా ఉంది. టి. సుందరరావు 1893లో మద్రాసులో కాగితపు మడతలతో రేఖాగణితం చెప్పే ఇంగ్లీషు పుస్తకమొకటి ప్రచురించారు. చిన్నపిల్లల కోసం ఫ్రోబెల్ పద్ధతిలో తయారైన రంగు కాగితాల కట్ట ఆయనకు ఆ ఆలోచన కలిగించింది. ఫ్రోబెల్ తన ఆటవస్తువులను 'కానుకలు' అనే పిలిచేవాడు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ తన రచనలో ఆ పుస్తకాన్ని ప్రస్తావించగా, 1901లో అది చికాగోలో మళ్ళీ అచ్చయింది. పిల్లలాట అని మనం తీసిపారేసే పనిలో అంత చదువుంది.

మరి ఆ చదువును మన బళ్ళు ఏం చేస్తున్నాయి? 'ప్రాజెక్టు' పేరిట ఇంటికి పంపుతున్నాయి. రాత్రి పదింటికి తల్లిదండ్రులు కూర్చుని పూర్తిచేస్తారు. మార్కులు నునుపైన అంచుకే పడతాయి. వంకర నక్షత్రం చేసిన పిల్లవాడు తన చేతిని తానే నమ్మడం మానేస్తాడు. ఇది చిన్న నష్టమని నేననుకోను.

తీరిక లేదన్నది తరచుగా వినిపించే మాట. సొనోబే అనే మడత చూడండి. చతురస్రపు కాగితాలన్నింటినీ ఒకే తీరున మడిచి, ఒకదాని కొసను ఇంకొకదాని జేబులోకి దూర్చాలి. ఆరింటితో ఘనం, పన్నెండింటితో మొనల నక్షత్రం, ముప్ఫైతో దూలానికి వేలాడదీయదగిన గోళం తయారవుతాయి. జిగురుతో పని లేదు. అయిదుగురు కూర్చుంటే మనిషికి ఆరు. మడుస్తూ చెప్పుకునే కబుర్లతోనే వేడుక మొదలవుతుంది.

కొత్త కాగితం కొననక్కరలేదు. ప్రతి ఇంటా పేరుకుపోయే పాత శుభలేఖలు చాలు, మంచి కానుక పెట్టెలవుతాయి. గట్టి అట్టను నేరుగా మడిస్తే అంచు పగులుతుంది. స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కి, ఆ తరువాత మడవాలి. మూతకు తీసుకునే చతురస్రం అడుగు దానికంటే నాలుగైదు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంటే చక్కగా కూర్చుంటుంది.

కాగితం నిలవదన్నది రెండో మాట. నిజమే. గుమ్మానికి కట్టే మామిడాకులూ నిలవవు. అలాగని ప్లాస్టిక్ ఆకులు కట్టినవారిని చూసి మనమేమీ మెచ్చుకోము.

అందుచేత నా కోరిక ఒక్కటే. వచ్చే వేడుకకు ఇంట్లో పిల్లలు మడిచిన వంకర నక్షత్రాన్ని సరిచేయకుండా, నడి గదిలోనే వేలాడదీయండి. మీకు చిన్నప్పుడు ఎవరు ఏ మడత నేర్పారో, అది ఇప్పటికీ మీ చేతికి గుర్తుందో లేదో ఒక కాగితం తీసుకుని చూడండి. గుర్తుంటే, మీ పిల్లలకు అందించవలసిన ఆస్తి మీ దగ్గర మరికొంత ఉన్నట్టే.