పేర్లు బట్టీ పట్టకండి, బొమ్మ గీయండి

కర్బన రసాయన శాస్త్రం పాఠం మొదలవగానే మన తరగతి గదుల్లో ఒక పని జరుగుతుంది. మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ అంటూ ఎక్కాలు వల్లించినట్లు పేర్లు వల్లిస్తారు. పరీక్ష కాగానే మరచిపోతారు. ఇది విద్యార్థుల తప్పు కాదు, నేర్పే పద్ధతిలోని లోపమని నా అభిప్రాయం. రసాయన నామం వల్లించడానికి పుట్టలేదు. అణువు ఆకారాన్ని మాటల్లో చెప్పడానికి పుట్టింది.

కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. ఒక చేత్తో పక్కనున్న కార్బన్‌ను పట్టుకుంటుంది. అది మరొక కార్బన్‌ను పట్టుకుంటుంది. ఇలా పొడవైన గొలుసు ఏర్పడుతుంది. ఖాళీగా ఉన్న చేతులకు హైడ్రోజన్ పరమాణువులు చేరతాయి. గొలుసుకు కొమ్మలు రావచ్చు. రెండు కొసలూ కలిసి వలయం కావచ్చు. ఐదు కార్బన్లు, 12 హైడ్రోజన్లతో మూడు రకాల అణువులు కట్టవచ్చు. పది కార్బన్లు, 22 హైడ్రోజన్లయితే 75 రకాలు. ఇరవై కార్బన్లు, 42 హైడ్రోజన్లయితే 3,66,319 రకాలు! ఇన్ని పేర్లు ఎవరు బట్టీ పట్టగలరు?

ఈ చిక్కు తీర్చడానికే 1892లో రసాయన శాస్త్రజ్ఞులు జెనీవాలో సమావేశమై నామకరణ నియమాలు ఏర్పరచారు. 1919లో స్థాపించిన అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం వాటిని నేటికీ సవరిస్తూ వస్తోంది. మనకు ముఖ్యమైనవి రెండే. అన్నిటికన్నా పొడవైన గొలుసును వెతకాలి. కొమ్మకు చిన్న అంకె వచ్చే కొస నుంచి లెక్కపెట్టాలి.

ఇప్పుడు కాగితం తీసుకోండి. నాలుగు కార్బన్లను వరుసగా గీయండి. రెండో కార్బన్ కింద రెండు కార్బన్ల కొమ్మ తగిలించండి. దీని పేరేమిటి? '2-ఇథైల్ బ్యూటేన్' అన్నారా? కొమ్మ కొస మీద వేలు పెట్టి కుడివైపు చివరి దాకా నడపండి. ఐదు కార్బన్లు వస్తాయి! కాబట్టి అది 3-మిథైల్ పెంటేన్. తిన్నగా కనిపించే వరుసే పొడవైన గొలుసు కానక్కర్లేదు. నియమాన్ని వల్లించినంత మాత్రాన ఇది తెలియదు, గీస్తే తెలుస్తుంది.

వలయాలూ అంతే. హెక్సేన్ గొలుసులో ఆరు కార్బన్లు, 14 హైడ్రోజన్లు. కొసలు రెండూ చేతులు కలపాలంటే చెరొక హైడ్రోజన్‌ను వదులుకోవాలి. మిగిలేవి 12. పేరుకు ముందు 'సైక్లో' చేరుతుంది.

ఆకారం మారితే ఏమవుతుంది? గుణమే మారుతుంది. పెంటేన్ 36 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. అవే పరమాణువులున్న 2,2-డైమిథైల్ ప్రొపేన్ 9.5 డిగ్రీలకే మరిగి వాయువవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1960లలో జపాన్‌లో చెప్పులు అతికే జిగురులో హెక్సేన్ కలిసేది. దాని ఆవిరిని రోజూ పీల్చిన కార్మికులకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, బలం తగ్గిపోయింది. శరీరంలో హెక్సేన్ 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారి నరాలను దెబ్బతీస్తుంది. ఆ పేరును విడదీసి చదవండి: ఆరు కార్బన్ల గొలుసు, రెండో చోట ఒక ఆక్సిజన్, ఐదో చోట ఒక ఆక్సిజన్. సైక్లోహెక్సేన్ వలయం నుంచి ఈ పదార్థం పుట్టదు. డబ్బా మీది పేరును చదివి ఆకారాన్ని ఊహించగలవారికీ, ఊరికే పలికేవారికీ ఉన్న తేడా ఇదే.

అలాగని పాత పేర్లను పారేయమని నేననను. ఎసిటిక్ ఆమ్లం పేరు వినెగర్ నుంచి, ఫార్మిక్ ఆమ్లం పేరు చీమ నుంచి వచ్చాయి. అవి పదార్థం పుట్టిన చోటును చెబుతాయి. ఇథనోయిక్ ఆమ్లం అనే కొత్త పేరు దాని కట్టడాన్ని చెబుతుంది. రెండూ కావాలి.

ఉపాధ్యాయులకు నా మనవి: పరీక్షలో వంకర గొలుసులిచ్చి పేరు అడగండి, పేరిచ్చి బొమ్మ గీయించండి. విద్యార్థులు ఖరీదైన నమూనాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. బంకమట్టి ఉండలు, చీపురు పుల్లలు చాలు. ఆరు ఉండలను కార్బన్లనుకుని, హైడ్రోజన్లను పక్కన పెట్టి, వలయం రాకుండా ఎన్ని ఆకారాలు కట్టగలరో చూడండి. ఐదు రావాలి. ఆరోది వచ్చిందనిపిస్తే దానికి పేరు పెట్టి చూడండి. ఆ ఐదింటిలో ఒకదాని పేరే మళ్లీ వస్తుంది.