ఫామికామ్ సర్క్యూట్ కాగితాలు బయటపెట్టండి: నింటెండో అధ్యక్షులకు బహిరంగ లేఖ

షుంతారో ఫురుకావా గారికి,
అధ్యక్షులు, నింటెండో, క్యోటో.

అయ్యా,

2024 అక్టోబర్ 2న ఉజి పట్టణంలో మీరు నింటెండో మ్యూజియం తెరిచారు. దానికోసం కొత్త భవనం కట్టకుండా 1969 నాటి మీ ఉజి ఒగురా ప్లాంటునే బాగుచేసి వాడుకున్నారని చదివి సంతోషించాను. ఒకప్పుడు అక్కడ పేకముక్కలు, హనఫుడా అనే జపాన్ సంప్రదాయపు ఆట ముక్కలు తయారయ్యేవి. తర్వాతి కాలంలో జనం పంపిన చెడిపోయిన యంత్రాలకు అక్కడే మరమ్మతులు జరిగేవి. ఇప్పుడు ఆ గోడల మధ్యే మీ పాత యంత్రాలు అద్దాల వెనక వరసగా నిలబడ్డాయి. బాగానే ఉంది. కానీ ఆ మరమ్మతుల బల్లల మీద పరుచుకుని పనిచేసిన సర్క్యూట్ కాగితాలు ఏమయ్యాయి? ఈ లేఖ అందుకే.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఉద్యోగం వేరే. సెలవు దొరికితే పాత గేమ్ కన్సోళ్ళు, హోమ్ కంప్యూటర్లు విప్పుకుని కూర్చుంటాను. మా కోఠిలో గుజరాతీ గల్లీ అని ఎలక్ట్రానిక్ విడిభాగాల బజారు ఉంది. కెపాసిటర్లు, రెగ్యులేటర్లు, సోల్డర్ తీగ అన్నీ అక్కడే కొంటాను. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. మీ టోక్యోలోని అకిహబరా బజార్లో ఇంకా ఎక్కువ ఉంటారు.

ఒక సంగతి దాచకుండా చెప్పేస్తాను. మా ఊళ్ళలో పిల్లలు మారియో ఆడినందుకు మీకు ముట్టింది దాదాపు ఏమీ లేదు. ఎనభైల చివర్లో సమురాయ్ అనే పేరుతో మీ యంత్రం లైసెన్సు మీద ఇండియాలో కొన్నాళ్ళు అమ్ముడైంది గానీ, అది మా చిన్న ఊళ్ళ దాకా వచ్చిన దాఖలా తక్కువ. తొంభైల్లో వీధి చివర గంటకింత చొప్పున అద్దెకు ఆడించినవీ, మార్కులు బాగా వస్తే కొనిస్తామని పెద్దవాళ్ళు ఆశపెట్టినవీ తైవాన్, చైనాల నుంచి వచ్చిన నకళ్ళే. కార్ట్రిడ్జ్‌ని మేం కేసెట్ అనేవాళ్ళం. దాని మీద 9999 ఆటలని రాసుండేది, లోపల ఉన్నవి పదో పదిహేనో. అవే తిరిగి తిరిగి వచ్చేవి. ఆడకపోతే కేసెట్ తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఊదొద్దని మీరు చెబుతూనే వచ్చారు, ప్రపంచంలో ఏ పిల్లాడూ వినలేదు. నోటి తడికి లోపలి రాగి కాళ్ళు ఇంకా పాడవుతాయి. ఇప్పుడు వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచే పని నాలాంటివాళ్ళకు మిగిలింది.

ఆ నకళ్ళ వల్లే మీ అసలు యంత్రం విలువ నాకు తెలిసింది. తర్వాతి తరం నకళ్ళు విప్పితే బోర్డు మధ్యన ఒక నల్లటి బంక చుక్క, దాని కింద సమస్తం. ఆ చుక్క చచ్చిపోతే ఇక చేసేది లేదు, డబ్బా పాత సామాన్లవాడికే. మీ అసలు యంత్రం, ఫామికామ్, విప్పితే అలా ఉండదు. అడుగున మామూలు ప్లస్ స్క్రూలు. లోపల విడివిడిగా చిప్పులు, వాటి మీద నంబర్లు. 5 వోల్టుల కరెంటు ఇచ్చేది 7805, మా గల్లీలో ఏ కొట్టులో అడిగినా దొరికే రెగ్యులేటర్. 1983లో మసయుకి ఉయెమురా గారి బృందం ధర తగ్గించాలనే తాపత్రయంతో ఫామికామ్‌ను చేసింది. బాగుచేసేవాడి మీద దయతో అలా చేశారో లేదో గానీ, మాకు మాత్రం దయగానే పనికొచ్చింది.

మీ కంపెనీ చరిత్ర మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను. గున్‌పేయి యొకోయ్ గారిని 1965లో నింటెండో ఉద్యోగంలోకి తీసుకున్నది హనఫుడా ముక్కలు చేసే యంత్రాల బాగోగులు చూడ్డానికి. పని లేనప్పుడు సరదాకు ఆయన చేసుకున్న సాగే చెయ్యి అప్పటి అధ్యక్షులు హిరోషి యామౌచి గారి కంట పడింది. 1966లో అది అల్ట్రా హ్యాండ్ అనే బొమ్మయి బజారుకొచ్చింది. గేమ్ అండ్ వాచ్, ఆ తర్వాత 1989లో గేమ్ బాయ్ వచ్చింది ఆ మెయింటెనెన్స్ మనిషి చేతుల్లోంచే. ఇంకొకటి. 1983 జులై 15న అమ్మకానికొచ్చిన తొలి ఫామికామ్‌లు ఆడుతూ ఆడుతూ మొరాయించాయి. యామౌచి గారు వాటిని వెనక్కి రప్పించి, బోర్డులు మార్పించి మళ్ళీ వదిలారు. అప్పటి కంట్రోలర్ల మీద బటన్లు నలుచదరపు రబ్బరువి, నొక్కితే ఇరుక్కుపోయేవి. వాటినీ మార్చి గుండ్రటి గట్టి బటన్లు పెట్టారు. మరమ్మతంటే చిన్నచూపు ఉన్న కంపెనీ చేసే పనులు కావివి.

2003 సెప్టెంబర్‌లో ఫామికామ్ తయారీ ఆపారు. 2007 అక్టోబర్ 31 దాకా రిపేరుకు తీసుకున్నారు. విడిభాగాలు లేవని ఆ తర్వాత మానేశారు. ఒక బొమ్మను 24 ఏళ్ళు బాగుచేసి ఇచ్చారు. దీని మీద నాకు ఫిర్యాదు లేదు, గౌరవమే ఉంది. నా ఫిర్యాదంతా ఆ మర్నాటి గురించి. బాగుచేయడం మానేసిన రోజున, ఎలా బాగుచేయాలో చెప్పే కాగితాలు కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక చేయలేం అన్నవాళ్ళు చేయగలవాళ్ళకు దారి ఇవ్వాలి కదా!

ఆ కాగితాలు లేకపోతే ఏమవుతుందో చెబుతాను. పాత ఫామికామ్ ఒకటి బల్ల మీదికొస్తే మొదట చూసేది దాని అడాప్టర్. ఫామికామ్‌కు లోపలి మొన నెగటివ్‌గా ఉండే డీసీ కావాలి. మా బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి లోపలి మొన పాజిటివ్. ఫామికామ్‌కు అమెరికా రూపంగా మీరు అమ్మిన నెస్ అడాప్టరైతే ఏకంగా 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. గుచ్చితే గుచ్చుకుంటుంది, అదే చిక్కు. ఏదో ఒకటి పెట్టేస్తారు. అదృష్టం బాగుంటే 7805 ఒక్కటే పోతుంది. బాగోకపోతే 2ఏ03, 2సీ02 చిప్పులు పోతాయి. అవి రికో కంపెనీ మీకోసం ప్రత్యేకంగా చేసినవి. 2ఏ03 లోపల ఉన్నది 6502 ప్రాసెసరే అయినా అందులో దశాంశ లెక్క పనిచేయదు, పైగా శబ్దం పుట్టించే భాగం అందులోనే కలిసి ఉంది. కాబట్టి బయట దొరికే మామూలు 6502 తెచ్చి పెట్టలేం. ఇంకో చచ్చిన ఫామికామ్ నుంచి తీసి పెట్టాలి. అంటే ఒకటి బతకడానికి ఇంకొకటి శవంగా ఉండాలి. ఈ లెక్కన ప్రపంచంలో ఫామికామ్‌లు ఏటా తరిగిపోవడమే తప్ప పెరిగే దారి లేదు.

ఇక మార్పుల సంగతి. యంత్రాన్ని విప్పి మార్చేవాళ్ళంటే మీ న్యాయవాదులకు మంట అని తెలుసు. కానీ జపాన్ ఫామికామ్‌లో బొమ్మ బయటికొచ్చేది యాంటెన్నా తీగ ద్వారానే, అదీ మీ దేశపు టీవీ ఒకటో రెండో ఛానల్ మీద. రెండో ఛానల్ 96 నుంచి 102 మెగాహెర్ట్జ్. మా హైదరాబాద్‌లో అక్కడ రేడియో మిర్చి 98.3 పాటలు పాడుతుంది! మా పాత టీవీల్లో చాలావాటికి ఆ ఛానలే లేదు. మీ దేశంలోనూ 2011 జులైలో అనలాగ్ ప్రసారాలు దాదాపు అంతటా ఆగిపోయాయి. మరి ఆ యంత్రంలో బొమ్మ ఎలా చూడాలి? 2సీ02 అనే వీడియో చిప్పు 21వ కాలి దగ్గర కాంపోజిట్ సిగ్నల్ ఉంటుంది. ఆ కాలిని బోర్డు నుంచి పైకెత్తి, ఒక ట్రాన్సిస్టర్, రెండు మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ పెడితే బొమ్మ ఏవీ సాకెట్ ఉన్న టీవీకి వెళ్తుంది. కాలు ఎత్తకుండా తీగ మాత్రం తగిలిస్తే తెర మీద నిలువు చారలు కనబడతాయి. జైలు ఊచలంటారు వాటిని. వెనకున్న పాత రంధ్రంలోంచే తీగలు లాగితే ప్లాస్టిక్‌కు బెజ్జం పెట్టక్కర్లేదు, రేపు వద్దనుకుంటే తీసేయొచ్చు. ఇది మీరు 1993లో ఏవీ ఫామికామ్ అని అమ్మినదాన్ని ఇంట్లో చేసుకోవడం, అంతే. ఆరోగ్యంగా ఉన్న ఫామికామ్ పేగులు తీసి పారేసి రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను కూర్చోబెట్టేవాళ్ళను చూస్తే మీకే కాదు, నాకూ ఒళ్ళు మండుతుంది.

నెస్‌లో మీరు పెట్టిన తాళం చిప్పు కథ ఇంకా విచిత్రం. కన్సోల్‌లో ఒకటి, కార్ట్రిడ్జ్‌లో ఒకటి ఉండి రెండూ మాట్లాడుకుంటూ ఉంటాయి. మాట కలవకపోతే యంత్రం సెకనుకోసారి తనను తాను ఆర్పి వెలిగించుకుంటుంది. దొంగ కేసెట్లు ఆడకూడదని పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ ముప్ఫై నలభై ఏళ్ళకు 72 కాళ్ళ సాకెట్ వదులైపోయి, మాట సరిగ్గా అందక, డబ్బిచ్చి కొన్న అసలైన కేసెట్‌నే ఆ తాళం దొంగ అనుకుంటోంది. చిప్పు నాలుగో కాలు కత్తిరిస్తే బాధ వదులుతుంది. మీరు 1993లో తెచ్చిన చిన్న నెస్‌లో అసలు ఆ చిప్పే పెట్టలేదు. కాబట్టి ఆ కత్తిరింపును నేరంగా చూడకండి. మీ ఇంజనీర్ల తుది తీర్పు కూడా అదే.

కాగితాలు దాచడం ఆ కాలపు అలవాటు అనుకుందామంటే, అదీ కుదరదు. 1978లో ఆపిల్ 2 రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ మొత్తం ఇచ్చారు, లోపలి మానిటర్ ప్రోగ్రామ్ లిస్టింగుతో సహా. 1982లో కమొడోర్ 64 ప్రోగ్రామర్స్ రిఫరెన్స్ గైడ్ కొన్న ప్రతివాడికీ దాని బోర్డు సర్క్యూట్ అందింది. మా దేశంలో చాలా రేడియోలకు వెనక అట్ట లోపలివైపు సర్క్యూట్ అంటించి ఇచ్చేవాళ్ళు. దాన్ని చూసే మా ఊళ్ళ మెకానిక్కులు పని నేర్చుకున్నారు. ఈ రోజు కమొడోర్ 64లో ఏ చిప్పు పోయిందో తేల్చడం ఫామికామ్ కన్నా తేలికైతే కారణం అదే. మీ బోర్డు సంగతికొస్తే, ఎవరో ఔత్సాహికులొకరు ఒక నెస్ బోర్డును పొరపొరా అరగదీసి, స్కాన్ చేసి, గీతలన్నీ మళ్ళీ గీసి ఓపెన్‌టెండో అని అందరికీ ఉచితంగా ఇచ్చారు. మీ బీరువాలో ఉన్న కాగితం కోసం ఒక బోర్డు ప్రాణం పోయింది.

మీ భయం ఊహించగలను. కాగితాలిస్తే నకళ్ళు పెరుగుతాయంటారు. నకళ్ళవాళ్ళు మీ కాగితాల కోసం ఆగలేదు. మొత్తం ఫామికామ్‌ను ఒక్క చిప్పులో ఇమిడ్చి, మా సంతల్లో బొమ్మల పక్కన పోసి అమ్మేశారు. పేటెంట్లు అంటారా, 1983 నాటివి ఎప్పుడో కాలం తీరిపోయాయి. ఆటల కాపీరైట్ మాత్రం మీదే, అది మేం అడగడం లేదు. రోమ్‌లు, ఆటల కోడ్ ఏదీ వద్దు. యజమాని తన యంత్రంలో వేలు పెట్టడం గురించైతే మీరు ఒకసారి కోర్టు దాకా వెళ్ళారు. ఆట తీరు మార్చే గేమ్ జీనీ అనే పరికరం తెచ్చిన గలూబ్ కంపెనీతో నడిచిన కేసు 1992లో అమెరికా అప్పీల్ కోర్టులో ఓడిపోయారు. తన ఇంట్లో తను కొన్న ఆట తీరు మార్చుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదని తేలింది. ఆ తీర్పు వల్ల మారియోకు వచ్చిన నష్టం నాకైతే కనబడలేదు.

మీ కొత్త యంత్రాల గురించి ఒక్క మాట అనేసి ఊరుకుంటాను. 2025లో వచ్చిన స్విచ్ 2ను విప్పి చూసిన ఐఫిక్సిట్ అనే మరమ్మతుల సైటు, బాగుచేసే వీలులో దానికి పదికి మూడు మార్కులిచ్చింది. బ్యాటరీని జిగురుతో గట్టిగా అంటించేశారు. యొకోయ్ గారు చూస్తే ఏమనేవారో!

నేను అడిగేదానికి పెద్ద ఖర్చు లేదు. మీరు మరమ్మతులు మానేసిన యంత్రాల సర్క్యూట్లు, బోర్డు పటాలు, చిప్పు కాళ్ళ వివరాలు, రిపేరు సెంటర్లలో వాడిన సర్వీస్ పుస్తకాలు మీ సైటులో పెట్టండి. జపనీస్‌లో ఉన్నా పర్వాలేదు, స్కాన్ వంకరగా ఉన్నా పర్వాలేదు. 72 కాళ్ళ సాకెట్ కొలతలు ఇస్తే, ఇప్పుడు బజార్లో దొరికే నాసిరకపు సాకెట్ల కన్నా మంచివి ఎవరో ఒకరు చేస్తారు. ఇప్పటివి కార్ట్రిడ్జ్‌ని మొసలి నోరులా పట్టుకుంటాయి, లాగితే రాదు. ఇంకొక కోరిక: ఉజి మ్యూజియంలో ఒక మూల మరమ్మతుల బల్ల వేయించండి. ఆ పని చేసి రిటైరైనవాళ్ళు ఉజి చుట్టుపక్కలే ఉండి ఉంటారు. వారానికొక పూట వాళ్ళు కూర్చుని ఒక యంత్రం విప్పితే, అద్దాల వెనక ఉన్నవాటి కన్నా పిల్లలు అక్కడే ఎక్కువసేపు నిలబడతారు.

అన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక్క కాగితంతో మొదలుపెట్టండి. 1986లో వచ్చిన ఫామికామ్ డిస్క్ సిస్టమ్ డ్రైవుది. దాని రబ్బరు బెల్టు ఏళ్ళు గడిచేసరికి కరిగి బంకైపోతుంది, లేదా ముక్కలవుతుంది. గీకి శుభ్రం చేసి కొత్తది వేయడం ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత డిస్కు తిరిగే ఇరుసుకూ చదివే హెడ్డుకూ మధ్య అమరిక సరిచేయాలి. కొంచెం తేడా వచ్చినా డిస్కు చదవదు. ఆ అమరికకు మీ కార్ఖానాలో ఒక పద్ధతి, బహుశా ఒక జిగ్ ఉండే ఉంటాయి. మేం మాత్రం స్క్రూ వదులు చేసి, వెంట్రుకంత తిప్పి, డిస్కు పెట్టి చూసి, మళ్ళీ తిప్పుకుంటూ కూర్చుంటున్నాం. ఆ కొలత రాసి ఉన్న పేజీ పంపండి చాలు.

ఇట్లు,
కోఠి గుజరాతీ గల్లీ పాత ఖాతాదారు,
హైదరాబాద్.