తొక్కు, వదులు, ఆపు

మూడు పెడళ్ళున్న బండిని ఈ దేశంలో దొంగ కూడా ముట్టుకోడని ఒక జోకు ఉంది. దొంగల సంగతేమో గాని, మన ఇళ్ళల్లో పెరిగే పిల్లల విషయంలో అది అక్షరాలా నిజం. మనమంతా మారుతీ 800 మీదో, నాన్నగారి అంబాసిడర్ మీదో, ఊళ్ళో ట్రాక్టరు మీదో క్లచ్చి తొక్కడం నేర్చినవాళ్ళమే. ఆర్టీవో గారి ఎదుట హెచ్ ఆకారంలో బండిని వెనక్కీ ముందుకీ తిప్పి లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళమే. విమానం దిగి ఆటోమేటిక్ కారెక్కగానే మన ఎడమకాలికి ఉద్యోగం పోయింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లతో జనరల్ మోటార్స్ వారు మొదలుపెట్టిన సుఖం ఇది. ఇప్పుడు ఇక్కడ అమ్ముడయ్యే కొత్త బళ్ళలో గేర్లు మార్చుకోవలసినవి నూటికి రెండు కూడా ఉండవు.

అలాంటి రోజుల్లో మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన 1993 నాటి టొయోటా పికప్ ట్రక్కు మా ఇంటికొచ్చింది. ఐదు గేర్లు, పవర్ కిటికీలు లేవు, రేడియో ఉంది గాని అది పలికేది దాని ఇష్టం. నేను కొన్నది తోటకి మట్టి మోయడానికి, మన సంఘం వారి దసరాకి కుర్చీలూ అరటి పిలకలూ చేరవేయడానికి. కాని పదిహేనేళ్ళ మా అమ్మాయి దాన్ని చూడగానే, "నాన్నా, నాకు ఇది నేర్పు" అంది. మా అమ్మ ఆ సమయానికి ఇక్కడే ఉంది. "ఆడపిల్లకి లారీ ఎందుకురా?" అని ఒక్కమాట అని, టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుంది.

అసలు అభ్యంతరం మా ఆవిడది. ఆవిడ ఎమర్జెన్సీ డాక్టరు. "రాత్రి డ్యూటీలో నేను చూసేవి మీరు చూడరు. ఎయిర్‌బ్యాగు లేని బండిలో పిల్లని హైవే ఎక్కించనంటే ఎక్కించను" అంది. ఇందులో వాదించడానికేం లేదు. తేలికరకం ట్రక్కులన్నింటిలో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు ఉండి తీరాలన్న నిబంధన 1999 మోడళ్ళతో వచ్చింది. బండి జారితే తనంతట తానే సర్దుకునే స్టెబిలిటీ కంట్రోలు తప్పనిసరి అయింది 2012 మోడళ్ళతో. మా ట్రక్కు ఈ రెండింటికీ ముందుపుట్టిన బిడ్డ. పైగా వెనక ఖాళీగా ఉన్న పికప్పు బరువంతా ముందే ఉంటుంది. వానలో మలుపు తిప్పేటప్పుడు వెనక చక్రాలు సర్రున జారతాయి. పాత బండి "ఉక్కులా గట్టిది" అని మురిసిపోయే మిత్రులకి నా మనవి: గట్టిగా ఉండవలసింది బండి కాదు, లోపల పిల్ల క్షేమంగా ఉండాలి.

అందుకని ఒప్పందం ఇలా కుదిరింది. ట్రక్కు మీద గేర్లు నేర్చుకోవాలి, ఖాళీ పార్కింగు లాటులోనూ మా పేట వీధుల్లోనూ మాత్రమే. హైవే, వాన, రాత్రి ప్రయాణం అన్నీ కామ్రీలో. మా టెక్సస్‌లో పదిహేను నిండితే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. ఆరు నెలలు దానితో తిరిగాక, పదహారు నిండితేనే అసలు లైసెన్సు. ఈలోగా పెద్దవాళ్ళు పక్కన కూర్చుని ముప్పై గంటలు తోలించాలి, అందులో పది గంటలు రాత్రిపూట. ఆ తరువాత కూడా మొదటి ఏడాది అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా ఉత్తినే తిరగకూడదు, ఇంట్లోవాళ్ళు కాక ఇరవై ఒకటి నిండని స్నేహితులు ఒకరికి మించి బండిలో ఉండకూడదు. ఈ రెండో నియమాన్ని మన పిల్లల పార్టీలప్పుడు మనమే మరిచిపోతుంటాం, కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక పాఠం. మొదటి ఆదివారం ఆక్సిలరేటరు జోలికే పోనివ్వలేదు. చదునైన చోట మొదటి గేరులో వేసి, ఎడమకాలు అరంగుళం చొప్పున పైకి తీయమన్నాను. ఒకచోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బండి ముక్కు చిన్నగా లేస్తుంది. మన డ్రైవింగు స్కూళ్ళవాళ్ళు హాఫ్ క్లచ్ అనేది దాన్నే. అక్కడ ఆగమంటే ఆగాలి. ఆగితే, గ్యాసు ఇవ్వకుండానే ట్రక్కు నడక మొదలుపెడుతుంది. అలా ఇరవైసార్లు. అందులో తొమ్మిదిసార్లు ఇంజను ఆగిపోయింది.

"అసలు ఎందుకాగుతుంది?" అనడిగింది. తిరిగే ఇంజను చక్రానికి, తిరగని గేరుబాక్సుకి మధ్య ఒక రాపిడి పళ్ళెం ఉంటుందని, రెంటి వేగం కలిసేదాకా దాన్ని కొంచెం జారనివ్వాలని చెప్పాను. ఇంజనీరు నాన్న మాట చెవికెక్కలేదు. కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కడం గురించి చెప్పాను: పక్కనే నాలుగడుగులు పరిగెత్తి అప్పుడు కడ్డీ పట్టుకోవాలి, నిలబడి పట్టుకుంటే చెయ్యి ఊడుతుంది. ఆ బస్సు తనెప్పుడు చూసింది గనక! కాసేపు ఆలోచించి, "రిలే రేసులో బేటన్ అందుకునే ముందు పరిగెత్తడం మొదలుపెడతామే, అలాగా?" అంది. అదే. అది నాకు తట్టని పోలిక. పదోసారి నుంచి ఇంజను ఆగలేదు.

భాష ఇబ్బంది ఇంకొకటి. ఎడమవైపు తిరగాలా అని తనడిగితే నేను "రైట్" అన్నాననుకోండి, అవునన్నట్టా, కుడికి తిరగమన్నట్టా? ఇంగ్లీషుని ట్రక్కులోంచి దింపేశాం. కుడి, ఎడమ, తొక్కు, వదులు, ఆపు. ఈ ఐదు మాటలే. మన సంఘం ఆదివారం బడిలో నాలుగేళ్ళు గుణింతాలు దిద్దినా ఇంట్లో తెలుగు పలకని పిల్ల, అరక్షణంలో తెలుగుకి స్పందించడం నేను అక్కడే చూశాను. ప్రాణావసరం ఉన్నచోట భాష వెంటనే పనికొస్తుంది కాబోలు.

కష్టమంతా ఎత్తుమీదే. మాది ఆస్టిన్, గుట్టల ఊరు. మా వీధి చివర స్టాప్ సైను సరిగ్గా ఎక్కుడు మీద ఉంది. బ్రేకు మీద కాలు తీస్తే ట్రక్కు వెనక్కి దొర్లుతుంది, వెనక ఎవరిదో కొత్త కారు ఆనుకుని నిలబడుతుంది. ఈ ట్రక్కుకి హ్యాండ్ బ్రేకు డ్యాష్‌బోర్డు కింద లాగే పిడి. అది లాగి ఉంచి, హాఫ్ క్లచ్ దాకా తెచ్చి, కొంచెం గ్యాసు ఇచ్చి, బండి ముందుకి గుంజుతోందని తెలిశాక పిడి తిప్పి లోపలికి వదలాలి. మూడు పనులు, మూడు అవయవాలు. ఆ రోజు వెనకాయన హారను కొట్టాడు. మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆయన్ని పక్కనుంచి వెళ్ళమన్నాను గాని, బండి లోపల మాత్రం ఏమీ అనలేదు. ఆ ముందురోజే మా అమ్మ చెప్పింది: "మీ నాన్నగారు మీ బాబాయికి ట్రాక్టరు నేర్పేటప్పుడు నోట్లో వక్కపలుకు వేసుకుని కూర్చునేవారు, మాట్లాడకుండా ఉండడానికి." నేను ఆ పూట యాలక్కాయ నమిలాను. రెండోసారికి ట్రక్కు గుట్టెక్కింది.

వచ్చే నెలలో తనకి పదహారు నిండుతాయి. బడికి కామ్రీయే, అందులో మార్పు లేదు. కాని దీపావళి ఫంక్షనుకి కుర్చీలు మోసేది ఈ ట్రక్కే. మా ఇంటి నుంచి హాలు దాకా ముప్పై అయిదు మైళ్ళ స్పీడు దాటని వీధులు వెతికి, మ్యాపు గీసి, నాన్న పక్క సీటులో ఉంటాడని కింద రాసి, అమ్మ సంతకానికి గీత కొట్టి ఫ్రిజ్ మీద అంటించింది. ఇది రాసే సమయానికి ఆ గీత మీద ఇంకా ఏమీ లేదు.