ముమ్మిడివరం సీటు ఎవరిది?

కోనసీమ మీద రాస్తున్న వరసలో ఇది ఆరో భాగం. పోయినవారం రిజర్వుడు సీట్ల గురించి రాశాక ఇన్‌బాక్సులో చాలామంది స్టూడెంట్లు ఒకటే అడిగారు. "అన్నా, రిజర్వుడు సీటులో మనవాడు అందరి ఓట్లతో గెలవాలి కాబట్టి మనకోసం నోరు విప్పలేడంటున్నావు. మరి జనరల్ సీటులో, సొంత జనం ఓట్ల బలంతో గెలిచిన బీసీ ఎమ్మెల్యే సంగతేంటి? ఆయనకి ఏ అడ్డం ఉంది?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు సిద్ధాంతంలో వెతక్కండి. మన పక్కనే ఒక మనిషి రాజకీయ జీవితం ఉంది. పొన్నాడ వెంకట సతీష్ కుమార్. ముమ్మిడివరం నుంచి రెండుసార్లు గెలిచిన మత్స్యకార నాయకుడు. 2009లో కాంగ్రెస్ తరఫున, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున.

ముందు ఆ సీటు గురించి చెప్పాలి. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన, తాళ్ళరేవు. గౌతమి సముద్రంలో కలిసేచోట ఉన్న నాలుగు మండలాలు. బలుసుతిప్ప, పల్లం, భైరవపాలెం, గాడిమొగ. ఇవన్నీ వేట మీద బతికే ఊళ్ళు. వాటికి లోపల, కాలవల పక్కన, మన పేటలు. మధ్యలో కొబ్బరితోటలు, చేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. ఆ తోటలూ చేలూ ఎవరివో మీకు వేరే చెప్పక్కర్లేదు.

2009 దాకా ఇది ఎస్సీ రిజర్వుడు సీటు. ఎదుర్లంకలో పుట్టిన బాలయోగి 1996లో ఎంపీగా ఓడిపోయి, అదే ఏడాది ఇక్కడ ఉపఎన్నికలో గెలిచి ఉన్నతవిద్య మంత్రి అయ్యారు. 1998లో లోక్‌సభకు మొదటి దళిత స్పీకర్ అయ్యారు. 2004లో ఇక్కడి నుంచే పినిపే విశ్వరూప్ గెలిచారు. తర్వాత డీలిమిటేషన్ వచ్చింది. అల్లవరం, నగరం సీట్లు మాయమయ్యాయి. ముమ్మిడివరం జనరల్ అయింది. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం రిజర్వుడు అయ్యాయి.

2009లో మా పేట రచ్చబండ దగ్గర అందరిదీ ఒకటే ఏడుపు, మన సీటు పోయిందని. మా పెదనాన్న ఒక్కడే అన్నాడు, "పోతే పోయిందిలేరా. కామందుల చేతికి పోలేదు కదా. పాలెపోళ్ళకి పోయింది. వాళ్ళూ మనలాగే రెక్కలు ముక్కలు చేసుకునేవోళ్ళే."

ఆ మాట నేను మర్చిపోలేదు. ఎందుకంటే పాలేనికీ పేటకీ మధ్య ఏముందో నాకు చిన్నప్పుడే తెలుసు. ఎండు మెత్తళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ మా పేటకు వచ్చేది. సోలెడు బియ్యం పోస్తే సోలెడు మెత్తళ్ళు. మా అమ్మ ఆవిణ్ణి "వదినా" అని పిలిచేది. ఆవిడ కూడా "ఏం వదినా, పిల్లలు బాగున్నారా" అనేది. కానీ ఎంత ఎండలో వచ్చినా మా ఇంట్లో మంచినీళ్ళు మాత్రం తాగేది కాదు. మా చేతి బియ్యం తీసుకునేది, మా చేతి నీళ్ళు తీసుకునేది కాదు. 1996 నవంబర్ 6 తుపానులో పాలేలు కొట్టుకుపోయాయి, పేటలు కూలిపోయాయి. వేటకెళ్ళిన మనుషులు తిరిగి రాలేదు. ఒకే బడి అరుగు మీద పడుకున్నాం. ఆ నాలుగు రోజులూ అందరం ఒకే బిందెలో నీళ్ళు తాగాం. ఐదో రోజు నుంచి మళ్ళీ మామూలే.

ఇది దాచుకుని పాలేన్ని మెచ్చుకుంటే అబద్ధం అవుతుంది. ఇదొక్కటే పట్టుకుని పాలేన్ని తిడితే అది కామందుకి చేసే సాయం అవుతుంది.

ఇప్పుడు సతీష్ కుమార్ దగ్గరికి వద్దాం. ఆయన కాలంలో ఏమీ జరగలేదని నేను అనను. 2019 నవంబర్ 21న మత్స్యకార భరోసా పథకాన్ని ముఖ్యమంత్రి మొదలుపెట్టింది ఆయన నియోజకవర్గంలోని కొమానపల్లిలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఆగిపోయే కాలానికి ఇంటికి 10,000 రూపాయలు. 2022 మే 13న మళ్ళీ ఆయన నియోజకవర్గంలోనే, మురమళ్ళలో, ఇంకో సభ. ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం. ఇంటికి 46,000. మొత్తం దాదాపు 108 కోట్లు. ఆకలి మీద ఉన్న ఇంటికి అది చిన్న డబ్బు కాదు. తీసుకున్నవాళ్ళని ఎవరూ తక్కువ చేయొద్దు.

కానీ ఒక్కటి అడగండి. ఆ పైపు ఏ దారిన పోవాలో బలుసుతిప్పను ఎవరైనా అడిగారా? చమురు బావి ఎక్కడ తవ్వాలో పల్లంలో గ్రామసభ పెట్టి తీర్మానం తీసుకున్నారా? పరిహారం అంటే జరిగిపోయినదానికి ఇచ్చే డబ్బు. అధికారం అంటే జరగబోయేదాని మీద చెల్లే మాట. మన ఎమ్మెల్యేలు, వాళ్ళ ఎమ్మెల్యేలు మొదటిది పంచే సభల్లో వేదిక మీద ఉంటారు. రెండోది నిర్ణయించే గదిలో వాళ్ళకి కుర్చీ ఉండదు.

రొయ్యల చెరువులు చూడండి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర్పిచ్చింది. తీర నియంత్రణ మండలి పరిధిలో ఈ వ్యాపార చెరువులు ఉండకూడదు, తీసేయండి అంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ తీర్పుకు దారి మళ్ళించింది. చెరువు ఉప్పునీళ్ళు ఊటగా దిగి పేట బోరునూ పాడుచేశాయి, పాలెం నుయ్యినీ పాడుచేశాయి. నీళ్ళ దగ్గర ముట్టు పాటించిన రెండు వాడలకూ ఇప్పుడు తాగేనీళ్ళు లేవు. ఇద్దరూ టిన్నుల్లో కొనుక్కుంటున్నారు.

ఇక మే 24. మురమళ్ళ సభ జరిగిన పదకొండో రోజు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో గుంపులు బయల్దేరాయి. నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది. తగలబడ్డవి ఎవరి ఇళ్ళు? ఒకటి దళిత మంత్రి విశ్వరూప్‌ది. రెండోది మత్స్యకార ఎమ్మెల్యే సతీష్ కుమార్‌ది. ఒకప్పుడు ముమ్మిడివరం రిజర్వుడు సీటులో గెలిచినాయన ఇల్లూ, అదే సీటు జనరల్ అయ్యాక గెలిచినాయన ఇల్లూ ఒకే సాయంత్రం కాలిపోయాయి. నేను ఊళ్ళో లేను. ఇంటర్నెట్ ఆపేశారు. ఫోన్లో మా అమ్మ ఒకటే అంది. "ఎమ్మెల్యే ఇల్లే తగలెట్టారంటే మన తాటాకు ఎంతరా?"

ఆ గుంపులో బీసీ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. అదే నాకు ఎక్కువ బాధ. బీసీ ఎమ్మెల్యే ఇంటికి బీసీ కుర్రాడి చేత నిప్పు పెట్టించగలిగిన శక్తి ఏదో, అదే కోనసీమను ఏలుతోంది. ఆ శక్తి ఏ ఎన్నికలోనూ పోటీ చేయదు, ఓడిపోదు.

తర్వాత జరిగింది ఇంకా చెప్పుకోవాలి. పేరు నిలిచింది. జూన్ 24న కేబినెట్ ఆమోదించింది. కానీ 2023 మార్చిలో ఆ అల్లర్ల కేసులు ఎత్తేయడానికి ముఖ్యమంత్రి ఒప్పుకున్నారు. ఇల్లు కాలిన మంత్రి మంత్రివర్గంలోనే ఉన్నారు. ఇల్లు కాలిన ఎమ్మెల్యే అధికార పార్టీలోనే ఉన్నారు. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి, సామరస్యం కావాలన్నారు. సామరస్యం అంటే కాల్చినవాడు, కాలినవాడు ఒకే వరసలో నిలబడి ఫొటో దిగడమా? చిన్న కేసులో ఇరుక్కున్న పేట కుర్రాడు పాస్‌పోర్టు రాక, ఉద్యోగం రాక ఏళ్ళు తిరుగుతాడు. వాడి కేసుకి సామరస్యం ఎవరూ అడగరు.

2024లో ఇద్దరూ ఓడిపోయారు. ముమ్మిడివరంలో 2014లో గెలిచిన దాట్ల సుబ్బరాజు మళ్ళీ గెలిచారు. అగ్నికుల క్షత్రియుడు దిగాడు, క్షత్రియుడు ఎక్కాడు. పేరులో ఒక ముక్క తేడా. నేల మీద అది ఎంత తేడానో కాట్రేనికోన వెళ్ళి చూడండి.

అందుకని మీ ప్రశ్నకు నా జవాబు ఇది. 1932లో పూనాలో బాబాసాహెబ్ చేత సంతకం పెట్టించిన రోజు నుంచి మన ప్రతినిధి మెడకు ఒక తాడుంది. అది మనకు కనబడుతుంది. జనరల్ సీటులో గెలిచిన బీసీ ప్రతినిధి మెడకు కూడా తాడుంది. దాని పేరు పార్టీ టికెట్. ఎన్నికల ఖర్చు. సొంత జనం వేసిన ఓటు గెలిపిస్తుంది, పెట్టుబడి పెట్టినవాడి మాట నడిపిస్తుంది. సతీష్ కుమార్ మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆయన రెండుసార్లు గెలిచినా, ఆయన ఇంటిని కాల్చినవాళ్ళ మీద కేసు నిలబెట్టుకునే శక్తి ఆ సీటు ఆయనకి ఇవ్వలేదు. అది నాకు ముఖ్యం.

మరి ఏం చేద్దాం? మూడు పనులు చెప్తాను.

ఒకటి. అసెంబ్లీ చర్చల రికార్డులు ఉంటాయి. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే ఐదేళ్ళలో ఏం అడిగాడో తీసి చదవండి. ఏం పంచాడో వదిలేయండి, ఏం అడిగాడో రాయండి. పార్టీ ఏదైనా సరే.

రెండు. తాగునీళ్ళ మీద పేట, పాలెం కలిసి ఒక్క అర్జీ పెట్టండి. వేరువేరుగా పెట్టొద్దు. ఆ అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు ఒకే చెంబుతో నీళ్ళు తాగండి. మా అమ్మ వయసువాళ్ళకు తుపాను వస్తే గానీ కుదరలేదు. మీకు తుపాను అక్కర్లేకుండా కుదరాలి.

మూడు. అంబేద్కర్ పేరు మనకు వచ్చిన బహుమతి అనుకోకండి. ఆ పేరు కోసం ఒక పాలెపోడి ఇల్లు కూడా కాలింది. ఆ సంగతి పాలేనికి వెళ్ళి మనం చెప్పామా? నేను చెప్పలేదు. రెండేళ్ళు ఊరికే కూర్చున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ మెత్తళ్ళావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ లేదు. కోడలు ఉంది. నేనెవరినో, ఏ పేటవాణ్ణో చెప్పాను. కాసేపు నా మొహం చూసి, లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. టిన్ను నీళ్ళే.

తాగాను.

వచ్చేవారం లంక భూముల గురించి. జై భీమ్.