లెక్క తేలకముందే నేలకూలిన చెట్లు

ఇబ్రహీంపట్నం: పశువులు మేసే బీడును మన జిల్లాలో కంచ అంటారు. పేరులోనే కంచ ఉన్న శేరిలింగంపల్లి మండలం కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి 2025 మార్చి 30న యంత్రాలు దిగాయి. ఆ రోజు ఉగాది. ఊళ్లన్నీ వేపపూత కోసుకునే వేళ అక్కడ చెట్లు కూలసాగాయి. మరునాడు రంజాన్. సెలవులు చూసుకునే పని మొదలుపెట్టారన్న అనుమానాన్ని ఆ తరువాత సుప్రీంకోర్టే వెలిబుచ్చింది.

భూమి ఎవరిదన్నది పాత తగాదా. 1974లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు చూపారు. ఈ 400 ఎకరాలను 2004 ప్రాంతంలో ఒక ప్రైవేటు క్రీడాసంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేశారు. వ్యాజ్యం నడిచి నడిచి 2024లో ప్రభుత్వ పక్షాన ముగిసింది. హద్దుల సర్వే జరగనే లేదని విశ్వవిద్యాలయం అంటున్నది. ఈలోగా దున్నేవాడు లేని నేలలో గింజ పడ్డచోటల్లా చెట్టు లేచింది. నెమళ్లు, జింకలు చేరాయి.

రికార్డులో అడవి అని లేదు గనుక అడవి కాదని ప్రభుత్వ వాదన. కాని రికార్డులో ఏమని రాసి ఉన్నా, చూపుకు అడవిగా ఉన్నది అడవేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. అటువంటి భూములను గుర్తించడానికి రాష్ట్రం 2025 మార్చిలో ఒక కమిటీని వేసింది కూడా. ఆ కమిటీ పని పూర్తికాకముందే అంత తొందర దేనికని ఏప్రిల్ 3న ప్రశ్నించి, కోర్టు నరికివేతను ఆపింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునయ్యాయి. వాల్టా చట్టం కింద రైతు తన గట్టుమీది చెట్టు కొట్టుకోవాలన్నా, మినహాయింపు ఉన్న జాతులు తప్ప, అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ అనుమతులు తీసుకున్నారా అన్నది కోర్టు గట్టిగా అడిగిన ప్రశ్నల్లో ఒకటి.

పోయిన చోట మళ్లీ చెట్లు పెంచే పథకం తెమ్మని ఏప్రిల్ 16న కోర్టు ఆదేశించింది. గుంత తీసి మొక్క పెట్టడం ఒక్కరోజు పని. అది నీడనిచ్చేసరికి నాటినవాడి కొడుకు పెద్దవాడవుతాడు.

ఇబ్రహీంపట్నం వైపు గ్రామాల కంచల్లోనూ తుమ్మ, మోదుగ, సీతాఫలం తమంత తామే పెరుగుతాయి. వాటిలో చాలావాటికి కాగితం మీద అడవి అన్న పేరు ఉండదు. కమిటీ లెక్కలోకి తమ ఊరి కంచ ఎక్కిందో లేదో గ్రామసభలు తహసీలు కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. అడగవలసింది యంత్రం రాకముందే.