నగరం బస్సు నష్టం పల్లె టిక్కెట్టు మీదనా?

నగరాల్లో ప్రయాణ సౌకర్యాలకు ఎవరు డబ్బు పెట్టాలి, ఎంత పెట్టాలి అన్న గొడవ రైతు పత్రికలో ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. నగరం పెట్టవలసిన డబ్బు పెట్టకపోతే ఆ లోటు తిరిగి తిరిగి మన పల్లెవెలుగు బస్సు మీదే పడుతుంది. అందుకే ఇది మన సమస్య. హైదరాబాద్‌లో అదే జరిగింది. రేపు విజయవాడ మెట్రో విషయంలోనూ జరగకుండా చూసుకోవలసింది మనమే.

హైదరాబాద్ అనుభవం

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆర్టీసీ నష్టాల్లో పెద్ద భాగం హైదరాబాద్ సిటీ బస్సులదేనని తేలింది. ఆ నష్టాన్ని మహానగర పాలక సంస్థ, అంటే జీహెచ్‌ఎంసీ, భరించాలని 2015లో ప్రభుత్వం నిర్ణయించింది. నగర ప్రజల ప్రయాణానికి నగరం పన్నుల నుంచి కొంత ఇవ్వడం న్యాయమే. జీహెచ్‌ఎంసీ రూ.336 కోట్లు ఇచ్చింది. తర్వాత ఆపేసింది. 2016లో ఎన్నికైన పాలకవర్గానికి బొంతు రామ్మోహన్ మేయర్. రాష్ట్రంలో, నగరంలో ఒకే పార్టీ. అయినా డబ్బు కదలలేదు.

2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు సాగిన ఆ సమ్మెలో ఈ బకాయి హైకోర్టు ముందుకు వచ్చింది. జీహెచ్‌ఎంసీ నుంచి ఇంకా రూ.1,492 కోట్లు రావాలన్నది లెక్క. మిగులు ఉంటేనే ఇస్తాం, తప్పనిసరి కాదు అన్నది నగరపాలక సంస్థ వాదన. ఆర్టీసీ అడుగుతూ ఉంది, నగరం లేదంటూ ఉంది, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది.

చివరికి ఎవరు కట్టారు? సమ్మె ముగిసిన వారం పది రోజుల్లోనే, డిసెంబరు మొదట్లో, కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెంచారు. ఆ పెంపు ఒక్క హైదరాబాద్‌కే కాదు, మారుమూల పల్లెకూ వర్తించింది. ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి మార్కెట్‌కు వచ్చే రైతుకు రానూ పోనూ పన్నెండు రూపాయలు అదనం. సిటీ బస్సు మొహం చూడని మనిషి సిటీ బస్సు నష్టంలో తన వాటా కట్టాడు. ఆ తర్వాత నగరంలోనూ బస్సులను బాగా తగ్గించారు. అంటే నగరంలోని పేదలకూ ఒరిగింది లేదు.

ఇప్పుడు విజయవాడ మెట్రో

2014 పునర్విభజన చట్టంలో విశాఖ, విజయవాడ ప్రాంతాలకు మెట్రో ప్రస్తావన ఉంది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రెండు నగరాల ప్రాజెక్టు నివేదికలను ఆమోదించింది. విజయవాడ మొదటి దశ అంచనా రూ.11,009 కోట్లు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గన్నవరం దాకా ఒక మార్గం, పెనమలూరు దాకా మరొకటి, కలిపి 38.4 కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకు సుమారు రూ.287 కోట్లు.

మేము మెట్రోకు వ్యతిరేకులం కాదు. విజయవాడలో మన పిల్లలే చదువుకుంటున్నారు, మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లే పనులు చేసుకుంటున్నారు. మా ప్రశ్న ఒక్కటే. అప్పు తీర్చే రోజు వచ్చినప్పుడు, రైళ్లు నడిపే ఖర్చు టిక్కెట్లతో వెళ్లనప్పుడు, ఆ లోటు ఎవరి ఖాతాలో రాస్తారు? రాష్ట్ర వాటాలో కొంత సీఆర్‌డీఏ భరిస్తుందని చెబుతున్నారు. సీఆర్‌డీఏకు ఉన్న ఆస్తి ఏమిటి? రాజధాని కోసం రైతులు ఇచ్చిన ముప్పై మూడు వేల పైచిలుకు ఎకరాల భూమే కదా. అక్కడా మూలం రైతే. ఇక రాష్ట్ర ఖజానా నుంచి ఇవ్వాలంటే, అది ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రజలు కట్టే పన్ను కూడా. గన్నవరంలో ఆగిపోయే మెట్రో మన గడప దాకా రాదు. దాని బిల్లు మాత్రం వస్తుంది.

బస్సు వస్తేనే ఉచితం

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. నాట్లకు, కోతలకు వెళ్లే కూలీ తల్లులకు, చేపల ప్యాకింగ్‌కు వెళ్లే ఆడపిల్లలకు ఇది నిజమైన మేలు. దీన్ని స్వాగతిస్తున్నాం. కానీ బస్సు తిరగని ఊరిలో ఉచిత టిక్కెట్టుకు విలువ లేదు. రోజుకు రెండు ట్రిప్పులు ఉన్న చోట కిక్కిరిసిన బస్సు ఆగకుండా వెళ్లిపోతే ఆడకూలీ మళ్లీ షేర్ ఆటోకే డబ్బు పెట్టాలి.

కొల్లేరు లంక గ్రామాల సంగతి ఇంకా వేరు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు ఎక్కుతుంది. 2024 సెప్టెంబరు వరదల్లో చినఎడ్లగాడి దగ్గర ఏమైందో అందరం చూశాం. బస్సు ఆగితే బడి ఆగుతుంది, ఏలూరు పెద్దాసుపత్రికి దారి ఆగుతుంది. ఆ రోడ్డు ఎత్తు పెంచడం, వంతెనలు వెడల్పు చేయడం కూడా ప్రజా రవాణా ఖర్చే. కిలోమీటరుకు వందల కోట్లు లెక్కవేయగలిగిన ప్రభుత్వం ఈ కొద్ది కిలోమీటర్లకు లెక్క వేయలేదా?

"పల్లె రూట్లలో నష్టం వస్తుంది" అన్నది అధికారుల పాత జవాబు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం సంస్థను వ్యాపార సూత్రాల మీద నడపమన్నది నిజమే. అదే చట్టం, ప్రజలకు చాలినంత, సక్రమమైన రవాణా కల్పించడం సంస్థ బాధ్యత అని కూడా చెప్పింది. పైగా 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులు. వారి జీతం అందరి పన్నుల నుంచి వస్తున్నది. అందరూ జీతమిచ్చే డ్రైవరు కొందరి ఊరికే బస్సు నడపడం ఏ సూత్రం?

ఈ తగవు మన దగ్గరే పుట్టింది కాదు. 1981లో లండన్ నగర పాలక మండలి నాయకుడు కెన్ లివింగ్‌స్టన్ బస్సు, రైలు ఛార్జీలు బాగా తగ్గించి, ఆ లోటుకు నగరమంతటా ఇంటి పన్ను పెంచారు. భూగర్భ రైలు తమ దాకా రాదని బ్రామ్లీ అనే శివారు ప్రాంతం కోర్టుకెక్కింది, గెలిచింది. ఛార్జీలు మళ్లీ పెరిగాయి. నలిగింది సామాన్య ప్రయాణికుడే. ఎవరు కడతారో ముందే తేల్చుకోకపోతే తర్వాత బస్సూ పోతుంది, నమ్మకమూ పోతుంది.

మేము కోరేది

ఒకటి: మెట్రోకు, నగర బస్సులకు, పల్లె బస్సులకు వేర్వేరు లెక్కలు రాసి ఏటా ప్రకటించాలి. నగర రవాణా లోటును రాష్ట్రమంతటా ఛార్జీలు పెంచి పూడ్చకూడదు.

రెండు: నగరం ఇవ్వవలసిన వాటాను "మిగులు ఉంటే" అని వదలకుండా చట్టంలోనే ఖాయం చేయాలి. హైదరాబాద్ గుణపాఠం ఇదే.

మూడు: గ్రామసభ అభిప్రాయం తీసుకోకుండా ఏ పల్లె ట్రిప్పూ రద్దు చేయకూడదు. ఉచిత ప్రయాణంతో పెరిగిన రద్దీకి తగినట్టు పల్లెవెలుగు బస్సులు పెంచాలి.

నాలుగు: ఏలూరు మేయరు చేతిలో బస్సులు లేవు, నిజమే. కానీ రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు ప్రకారం బస్ స్టాపులు, మరుగుదొడ్లు నగరపాలక సంస్థ పనే. ఏలూరు రైతుబజారుకు కూరగాయల మూటతో వచ్చే మహిళకు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు వచ్చే రైతుకు, హమాలీకి నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి కల్పించే ఖర్చు మొదట పెట్టండి. పట్టణం వ్యాపారం నడిచేది ఊళ్ల నుంచి దిగే జనంతోనే.

ప్రతి గ్రామ శాఖ ఈ నెలలో ఒక పని చేయాలి. మన ఊరికి గతంలో ఎన్ని ట్రిప్పులు ఉండేవి, ఇప్పుడు ఎన్ని, ఏ వేళకు వస్తున్నాయి, వానాకాలంలో ఎన్ని రోజులు ఆగిపోతున్నాయి అన్నది రాసి మండల కమిటీకి పంపండి. వచ్చే గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆ కాగితాలన్నీ కట్టగట్టి డిపో మేనేజరుకూ, కలెక్టరుకూ కలిసి ఇద్దాం. ధాన్యం డబ్బుల కోసం, కాలువ నీళ్ల కోసం రోడ్డెక్కిన మనం, ఆ రోడ్డు మీదికి బస్సు కోసం కూడా ఎక్కగలం.