గోలు గురించి గోల

ఈసారి సంచికకు ఏదైనా రాసిమ్మని మన సంపాదకులు ఫోన్ చేసి, "షుగరు గురించో కొలెస్టరాల్ గురించో రాయండి డాక్టరుగారూ" అన్నారు. ఏటా అదే రాస్తున్నాను. ఏటా పండగనాడు అందరం రెండేసి బొబ్బట్లు నేతిలో ముంచి లాగిస్తూనే ఉన్నాం. రాసినవాడితో సహా! అందుకని ఈ ఏడు ఐస్ హాకీ గురించి రాస్తాను. నవ్వకండి, చివరికి మళ్ళీ ఆసుపత్రికే వస్తాను.

2006 జులైలో రెసిడెన్సీ కోసం బఫెలో వచ్చాను. గుంటూరులో చదువుకున్న నాకు ఐసంటే గోళీసోడా బండి మీద రంపప్పొట్టు కప్పి ఉంచే దిమ్మ. దాని మీద పరిగెత్తుతూ మనుషులు కర్రలతో ఆడతారంటే సర్కసు అనుకున్నాను. వచ్చిన మొదటి వారంలోనే కొన్ని కార్ల వెనక 'నో గోల్' అని అంటించి ఉండడం చూశాను. ఏదైనా మతశాఖ నినాదమేమో అనుకుని వార్డులో నర్సును అడిగాను. ఆవిడ చేతిలో పని పక్కనపెట్టి ఇరవై నిమిషాలు చెప్పింది. పక్క గదిలో పేషెంటు వచ్చి ఇంకో పది నిమిషాలు చెప్పాడు. మతమే అనుకున్నది మరీ తప్పేం కాదు.

కథ ఇది. 1999 జూన్ 19. స్టాన్లీ కప్ ఫైనల్, ఆరో ఆట, బఫెలోలోనే. డల్లాస్ 3-2 ఆధిక్యంలో ఉంది. ఆట 1-1 మీద ఆగి, ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్ నడిచి, మూడో ఓవర్‌టైమ్‌లో, అర్ధరాత్రి దాటాక, డల్లాస్ ఆటగాడు బ్రెట్ హల్ గోలు కొట్టాడు. కప్పు డల్లాస్‌దైపోయింది. కానీ బంతి (వాళ్ళు 'పక్' అంటారు, నల్లటి రబ్బరు బిళ్ళ) వలలో పడేముందే హల్ ఎడమ స్కేటు గోలు ముందున్న నీలం అర్ధచంద్రంలో ఉంది. దాన్ని క్రీజు అంటారు. క్రికెట్ వాళ్ళం మనకీ క్రీజుంది. మనకు అందులో ఉంటేనే క్షేమం, వీళ్ళకు ఉంటే నేరం. పక్ కంటే ముందు ఎదుటి ఆటగాడు క్రీజులో అడుగుపెడితే గోలు చెల్లదన్నది ఆనాటి నిబంధన. ఆ సీజనంతా బొటనవేలంత స్కేటు లోపలుందని ఎన్నో గోళ్ళు కొట్టేశారు. ఈ ఒక్కటీ కొట్టెయ్యలేదు.

మా బావ ఉన్నాడు. మిసిసాగాలో ఇంజినీరు, టొరంటో మేపుల్ లీఫ్స్ భక్తుడు. బఫెలోకి అక్కడికి రెండు గంటల దారి, మధ్యలో నయాగరా. శనివారం వస్తే పప్పుచారు చల్లారేదాకా ఇదే వాదన. "మీ బఫెలోవాళ్ళకు ఏడవడానికి ఒక గోలు దొరికింది, పాతికేళ్ళుగా ఏడుస్తున్నారు" అంటాడు. "మీరు 1967 తర్వాత కప్పు మొహం చూశారా?" అంటాను. "మీకు 1970లో టీమ్ పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కటైనా ఉందా?" అంటాడు. అక్కడితో ఇద్దరం పెరుగు కలుపుకుంటాం.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. బఫెలోలో ఉండే మిత్రులు క్షమించాలి. ఆ గోలు చెల్లుతుంది. హల్ మొదట కొట్టిన దాన్ని గోలీ డొమినిక్ హాషెక్ ఆపాడు. పక్ బయటికొచ్చి హల్ కాలికి తగిలింది, కాలితోనే కర్రకు అందించుకుని మళ్ళీ కొట్టాడు. పక్ మొదటి నుంచీ అతని అధీనంలోనే ఉంది కాబట్టి కాలు లోపలుండొచ్చని లీగ్ వివరణ. అది మొండివాదనేమీ కాదు. పైగా ఆ గోలు కొట్టేసినా కప్పు బఫెలోకి వచ్చేది కాదు. ఆట సాగేది, గెలిస్తే ఏడో ఆట డల్లాస్‌లో ఆడాల్సి వచ్చేది. మావాళ్ళు మాట్లాడే తీరు చూస్తే కప్పు చేతిలోంచి లాక్కుపోయారనిపిస్తుంది.

మరి ఈ కోపం ఇన్నేళ్ళెందుకు నిలిచింది? ఓడినందుకు కాదు. ఇదే ఊరివాళ్ళు 1991 జనవరిలో సూపర్ బౌల్ ఒక్క పాయింటు తేడాతో, 20-19తో, పోగొట్టుకున్నారు. చివరి క్షణాల్లో స్కాట్ నార్వుడ్ తన్నిన బంతి కుడివైపుగా బయటికి పోయింది. మర్నాడు టీమ్ ఇంటికొస్తే వేలమంది జనం చేరి నార్వుడ్ పేరే పిలిచి, మైకు ముందుకు రప్పించి, చప్పట్లు కొట్టారు. కళ్ళముందు తప్పినవాణ్ణి గుండెకు హత్తుకున్న ఊరు ఇది. వీళ్ళను ఓర్వలేనివాళ్ళంటే నేనొప్పుకోను.

1999లో జరిగింది వేరు. గోలు పడగానే డల్లాస్ ఆటగాళ్ళు, వెనకే కెమెరాలవాళ్ళు, పత్రికలవాళ్ళు ఐసు మీదికొచ్చేశారు. గోలును వీడియోలో చూశామని లీగ్ తర్వాత చెప్పింది. కానీ రిఫరీ నిలబడి "చూశాం, ఇందుకు చెల్లుతుంది" అని ఆ వేలమందికి చెప్పింది లేదు. కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌ను అడగబోతే తనవైపు వీపు తిప్పేశారని బఫెలో కోచ్ లిండీ రఫ్ అప్పుడే వాపోయాడు. 'అధీనంలో ఉంటే ఫరవాలేదు' అన్న వివరణను ఆ సీజన్‌లోనే క్లబ్బులకు పంపామన్నారు. క్లబ్బులకు సరే, టికెట్టు కొన్నవాడికి? అతనికి తెలిసిన నిబంధన ఒకటి, అమలైంది ఇంకొకటి. ఆ వేసవి దాటేలోగా ఆ నిబంధననే తీసిపారేశారు. దాంతో అనుమానం మరీ ముదిరింది. నిర్ణయం రైటే కావచ్చు, దాన్ని చెప్పకపోవడం మటుకు పెద్ద తప్పు.

ఇది నాకు హాకీ నేర్పలేదు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన నేర్పాడు. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, దానికి రక్తం పలచబరిచే మందు. కడుపులో రక్తస్రావమై మా వార్డుకొచ్చాడు. మందు ఆపాను. ఏ డాక్టరైనా అదే చేస్తాడు. రౌండ్సులో ఆయన నాకు రోజూ హాషెక్ కథలు చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. మూడో రోజు తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. మాట పోయింది. మందు ఆపితే ఈ ప్రమాదం ఉంటుంది. తెలిసే ఆపాను. ఆపకపోతే రక్తస్రావంతోనే పోయేవాడు. కానీ ఈ రెండు ముక్కలు ఆయనకు గాని, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే కూతురికి గాని నేను చెప్పలేదు. హాషెక్ గురించి వినడానికి తీరిక దొరికింది, ఇది చెప్పడానికి దొరకలేదు.

ఆవిడ ఫిర్యాదు చేసింది. కమిటీ కూర్చుని, కాగితాలు చూసి, చికిత్స ప్రమాణాల ప్రకారమే జరిగిందని తేల్చి, ఆమెకు ఉత్తరం పంపింది. నేను గెలిచాను. నెల తర్వాత కారిడార్‌లో ఎదురుపడి, "మందు ఎందుకు ఆపారని నేను అడగలేదు డాక్టర్. ఆపామని మాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆ ఉత్తరంలో దానికి జవాబు లేదు" అంది. నా దగ్గరా లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి 'నో గోల్' స్టిక్కర్ల గురించి ఆలోచించాను. అప్పటిదాకా వాటిని చూసి నవ్వేవాణ్ణి.

మనవాళ్ళకిది కొత్తేమీ కాదు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టు గుర్తుందా? బ్యాటుకు తగిలి కీపరు చేతిలో పడినా 30 పరుగుల దగ్గర సైమండ్స్‌ను అవుటివ్వలేదు, అతను 162 దాకా వెళ్ళాడు. మన లక్ష్మణ్ కొట్టిన 109 ఆ రభసలో మరుగున పడిపోయింది. ఇప్పుడు థర్డ్ అంపైర్ ఒక్కొక్క మెట్టే చూస్తూ పైకి చెబుతుంటే ఇంట్లో కూర్చుని వింటాం. నిర్ణయం నచ్చకపోయినా సణుక్కుని ఊరుకుంటాం. హాకీలోనూ 2015 నుంచి కోచ్ సవాలు చేసే హక్కు వచ్చింది. వీటివల్ల ఆట సాగదీసినట్టవుతోందని బావ విసుక్కుంటాడు. నిజమే. ఆ రెండు నిమిషాలు దండగ కాదంటాను నేను.

సందర్భం వచ్చింది కాబట్టి మన సంఘం గురించీ ఒకమాట. ప్రతి పండగకూ పిల్లల పాటల పోటీ పెడతాం. న్యాయనిర్ణేతలు మూడు పేర్లు చదివి టీ తాగడానికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత పార్కింగు లాటులో జరిగే గోల ముందు హాకీ పోట్లాటలు ఏపాటి? నేనూ రెండుసార్లు న్యాయనిర్ణేతగా కూర్చుని ఆ టీ తాగినవాణ్ణే. బహుమతి రాని పిల్లతో "రెండో చరణంలో శ్రుతి తప్పింది తల్లీ, తాళం బాగుంది" అని ఒక్కమాట అంటే ఏం పోయింది? తల్లిదండ్రులు ఎలాగూ ఒప్పుకోరు, అది వేరే సంగతి. పిల్లకు మాత్రం తెలుస్తుంది. వచ్చే పోటీకి కార్యవర్గంవారు ఈ ఏర్పాటు చేస్తే న్యాయనిర్ణేతల్లో మొదటి కుర్చీ నేనే వేసుకుంటాను.

మొన్న శీతాకాలంలో బావావాళ్ళు వచ్చినప్పుడు బఫెలో, టొరంటో ఆట పెట్టుకున్నాం. టొరంటో గోలు కొట్టింది, మా కోచ్ సవాలు చేశాడు. రిఫరీ తెర ముందు వంగి చూస్తున్నంతసేపూ పిల్లలు సోఫా ఎక్కి అరుస్తున్నారు. ఆయన నడిచొచ్చి మైకు నొక్కగానే, "ష్, ఏం చెబుతాడో విననివ్వండర్రా" అని బావే అందరినీ కసిరాడు. ఆఫ్‌సైడు, గోలు చెల్లదు. "అన్యాయం!" అని బావ లేచాడు. మా ఆవిడ జంతికల డబ్బా తీసుకొచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.